పసుపు చుడీదారు వేసుకుని మ్యాచ్‌కి వెళ్ళిన రోజు

ఆ రోజుల్లో మాకు భయమనేది ఉండేది కాదని మా వయసు వాళ్ళు చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే భయపడాల్సినవేవో మాకు తెలియవు, అంతే. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకుని కూర్చున్నాయనీ, వాటిని నాలుగంకెలు చేయకపోతే విమానాలు కింద పడతాయనీ ఎవరో పుణ్యాత్ములు ప్రచారం చేశారు. ఆ పడబోయే విమానాలను పట్టుకోవడానికి గుంటూరు నుంచి సింగపూరుకి నన్ను కూడా పిలిపించారు. (నేను దిద్దిన అంకెల వల్ల ఏ విమానం నిలబడిందో ఇప్పటికీ తెలియదు. నువ్వు దిద్దినా పడలేదంటే అవి గట్టి విమానాలే అంటాడు మా ఆయన.) వెంట తెచ్చుకున్నవి ఒక సూట్‌కేసు, ఒక డిగ్రీ, ఒక నోరు. మూడింట్లో నోరే బరువని ఎయిర్‌పోర్టులో మా అమ్మ అంది. ఏడుస్తూనే అంది.

యీషున్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి దొరికింది. ఇంటాయన తెలుగాయనే కానీ మన తెలుగు కాదు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చారట. ఆ ఓడలో వచ్చిన తెలుగు వచ్చినట్టే ఉండిపోయి, దాని మీద మలయ్, తమిళం, ఇంగ్లీషు ఒక్కో పొరా పట్టాయి. పొద్దున్నే "ఏటమ్మా, మకాన్ అయిందా?" అనేవారు, తిన్నావా అని. ఓడల మరమ్మతు యార్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. హాల్లో ఆయన భార్య, మా ఆంటీ ఫోటోకి ప్లాస్టిక్ మల్లెల దండ ఉండేది. నేను వచ్చేసరికి ఆవిడ పోయి కొన్ని నెలలైంది. ఇంట్లో ఇంకెవరి ఫోటోలూ లేవు. పిల్లలు లేరేమో అనుకున్నాను. అడగాలనిపించింది కానీ అద్దె గది పోతుందని ఊరుకున్నాను. (నేను ఊరుకున్న సందర్భాలు ఈ కథలో ఎక్కువ లేవు, కాబట్టి దీన్ని నా ఖాతాలో వేసుకోండి.)

అంకుల్‌కి ఫుట్‌బాల్ పిచ్చి. కానీ ఆ పిచ్చి కూడా విచిత్రంగా ఉండేది. ఇక్కడ సింగపూర్లో, రైలెక్కితే వచ్చే స్టేడియంలో మన ఎర్ర చొక్కాల జట్టు ఆడుతుంటే ఈయన ఇంట్లో కూర్చుని పేపర్ చదువుకునేవారు. అదే జట్టు సముద్రం మీది వంతెన దాటి పక్క దేశంలో ఆడుతోందంటే మాత్రం వారం ముందు నుంచి రెయిన్‌కోటు ఉతికి ఆరేసేవారు. అవతలి మ్యాచ్ అంటే అప్పట్లో సరదా వ్యవహారం కాదు. బస్సు టైర్లు కోశారట, అద్దాలు పగలగొట్టారట. పైనుంచి ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు విసిరేవారట, అవి నీళ్ళే అయితే దేవుడికి దండం పెట్టుకోవాలట. ఇవన్నీ ఆయన చేపల పులుసు కలుపుకుంటూ చెప్పేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, "పదకొండు మంది బంతి తంతే మీ తల పగలడం ఎందుకు అంకుల్? ఈ వయసులో ఇదేం భక్తి?" అని. ఆయన పులుసు మెతుకు ముగించి, "నువ్వు సూడకుండా మాటాడతన్నావు. వొచ్చి సూడు, అప్పుడు తిట్టు" అన్నారు. వాదనకి పిలిస్తే పోకుండా ఉండే మనిషిని కాదు. వంతెన దాటాలంటే మన పాస్‌పోర్టుకి వీసా కావాలి కాబట్టి వెళ్ళి అదీ వేయించుకొచ్చాను.

అమ్మకి ఫోన్ చేసి ఇంకో దేశం వెళ్తున్నానని చెబితే, ఎందుకు వెళ్తున్నావని అడగలేదు. కొత్త దేశంలో అడుగు పెట్టేటప్పుడు పసుపు బట్టలు వేసుకోమంది. వేసుకున్నాను. పండిన పసుపుకొమ్ము రంగు చుడీదారు, దానికి నల్ల అంచు చున్నీ. ఆదివారం మధ్యాహ్నం మా బ్లాక్ కింద బస్సు ఆగి ఉంది. లోపల ఎర్ర చొక్కాలు, వాటిని దాచడానికి పైన తెల్ల చొక్కాలు. నేను మెట్టెక్కగానే అందరూ నా బట్టల వంకే చూశారు. చైనీస్ డ్రైవర్ "అలమాక్!" అని నెత్తి పట్టుకున్నాడు. అంకుల్ లేచి నిలబడ్డారు. "ఏటే పిల్లా! అవతలోల్ల రంగు ఏసుకొచ్చీసేవు!"

"పసుపు శుభం అంకుల్."

"శుభమేనమ్మా. ఆల్లకి."

పసుపు, నలుపు కలిస్తే అవతలి జట్టు రంగులని నాకేం తెలుసు? వెళ్ళి మార్చుకొస్తానన్నాను. చెక్‌పోస్టులో ఆలస్యమవుతుంది, ఎక్కమన్నారు. (ఆలస్యం ఎలాగూ అయింది. వాళ్ళ ఎర్ర సింగపూరు పాస్‌పోర్టులన్నీ చిటికెలో దాటిపోయాయి. నా పాస్‌పోర్టుని మాత్రం ఆఫీసరు నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చదివాడు. బస్సు మొత్తం నా కోసం ఎండలో నిలబడింది.) అంకుల్ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చోబోయాను. దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంది. హాకర్ సెంటర్లో బల్ల మనదని చెప్పడానికి అలా ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తారిక్కడ, దాన్ని చోప్ చేయడం అంటారు. బస్సులో సీటు చోప్ చేసిన మనిషిని అప్పుడే చూశాను.

"ఎవరొస్తున్నారు అంకుల్?"

"మీ ఆంటీది."

నేను నడవకి ఇవతల సీట్లో కూర్చున్నాను. బస్సు వంతెన మీదికి వచ్చింది. రెండు పక్కలా నీళ్ళు, పక్కన రైలు పట్టా, పక్క వరసలో స్కూటర్లు. అంకుల్ కిటికీలోంచి చూస్తూనే చెప్పారు.

ఆయనకి ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచి భుజాల మీద కూర్చోబెట్టుకుని మ్యాచ్‌లకి తీసుకెళ్ళింది ఈయనే. పిల్ల పెద్దయ్యాక ఒకసారి అవతలి ఊళ్ళో ఆట మధ్యలో కంచె విరిగి జనం ఒకరి మీద ఒకరు పడ్డారట. సీసాలు గాల్లో ఎగురుతుంటే ఈ పిల్ల తప్పిపోయింది. అవతలి జట్టు అభిమానులకి డప్పు కొట్టే కుర్రాడొకడు ఆ పెద్ద డప్పుని ఆమె నెత్తిన గొడుగులా పట్టి గేటు దాకా తీసుకొచ్చి అప్పజెప్పాడు. ఈయన అతనికి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు. తర్వాత కొన్నాళ్ళకి ఆ పిల్ల ఆ డప్పు అబ్బాయినే చేసుకుని వంతెన అవతలికి వెళ్ళిపోయింది. "కులం గురించి కాదు, బాస గురించి కాదు. అవతలి జట్టుకి డప్పు కొట్టీవోడమ్మా! నాకు తల కొట్టీసినట్టుండదా?" అన్నారు. (నేను నమ్మలేదు. గుంటూరు వాళ్ళం, ఇలాంటి వాటికి అసలు కారణాలు మాకు తెలుసు.) ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టేశారు, ఆంటీ చేత కూడా వేయించారు. ఫోన్లు బంద్. చుట్టాలకి కూడా తాఖీదు వెళ్ళింది.

ఆంటీ ఒట్టు వేసింది. వేసి, మర్నాడు అడిగిందట. "గడప తొక్కొద్దన్నావు, తొక్కను. గ్రౌండుకి గడప లేదు కదా?"

అలా మొదలైంది. పక్కింటి చిన్న చిన్న గొడవలకే పోలీసులని పిలిచే ఆంటీ, రాళ్ళు పడే ఊరికి రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళేది. ఈ చివర కంచెలో వీళ్ళు, ఆ చివర డప్పు పక్కన కూతురు. ఆంటీ బైనాక్యులర్స్ పెట్టుకుని ఆట మొత్తం ఆ పిల్లనే చూసేది. మధ్యలో గొడుగు ఎత్తేది. అవతల నుంచి ఆ పిల్ల మెడలో గుడ్డ ఎత్తి ఊపేది. తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవడం అంటే అంతే. ఎవరు గెలిచారో ఆంటీకి ఇంటికొచ్చాక అంకుల్ చెప్పాల్సి వచ్చేదట.

అంకుల్ జేబులోంచి రుమాలు మూట తీశారు. "ఆంటీ పగడాల దండ. పిల్లకిమ్మంది. మేచీ మేచీకీ పట్టుకెల్తన్నాను, మల్లీ పట్టుకొచ్చీస్తన్నాను. కంచె దాటనివ్వరు మమ్మల్ని." తర్వాత నా బట్టల వంక చూశారు. "నిన్నెవడూ ఆపడు."

స్టేడియం గేటు దగ్గర ఒక మీసాల పోలీసాయన నా మీద చేయి వేయకుండా లాఠీతోనే పక్కకి జరిపాడు. ఇది ఎర్రవాళ్ళ గేటు, నువ్వు అటు పో అన్నాడు. నేను వీళ్ళతోనే వచ్చానన్నాను. ఆయన నా చుడీదారు చూపించాడు. రంగుని బట్టి మనిషిని తేల్చడం ఏం న్యాయమని మొదలుపెట్టాను. మా అమ్మ సంగతి చెప్పాను. మన పెళ్ళిళ్ళలో పసుపు స్థానం గురించి చెప్పాను. వెనక క్యూ పెరిగిపోతుంటే ఆయన విసుగెత్తి "పో, పో, చస్తే నన్ననకు" అని లోపలికి వదిలాడు. హాఫ్‌టైమ్‌లో మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళి, అవతలి వైపుకి పంపించమని అడగాల్సి వచ్చింది. ఆయన లాఠీతో మళ్ళీ నా చుడీదారు చూపించి, "ఇందాకే చెప్పానా లేదా?" అన్నాడు. నా జీవితంలో ఒక మగవాడు ఆ మాట అంటుంటే ఎదురు చెప్పకుండా నిలబడ్డది అదొక్కసారే.

గోల్ పోస్టు వెనకనుంచి నడుచుకుంటూ పసుపు సముద్రంలోకి వెళ్ళాను. భుజానికున్న బ్యాగుని గట్టిగా పట్టుకున్నాను. అంకుల్ చెప్పిన కథల్లో సంచులు విసిరినవాళ్ళు వీళ్ళేగా! వాళ్ళేమో జరిగి చోటిచ్చారు. ఒక ముసలావిడ కాగితం పొట్లంలో ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు నా చేతిలో పోసింది. ఒకాయన ఎర్రవాళ్ళని తిట్టే పాట నేర్పించాడు. రాగం బాగుంది. డప్పు మోగుతున్న వైపు వెళ్ళాను. డప్పు వెనక బొద్దుగా ఒకాయన, ఆయన పక్కన కళ్ళద్దాల మనిషి ఒకావిడ. ముక్కు అచ్చం ఫోటోలో ఆంటీ ముక్కే.

అప్పుడే పలకరించి ఉంటే బాగుండేది. కానీ ఆట మళ్ళీ మొదలైంది, ఎర్రవాళ్ళు గోల్ కొట్టారు, లైన్ దగ్గరాయన జెండా ఎత్తాడు. గోల్ చెల్లదట. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆ రోజు బస్సులోనే నేర్చుకున్నాను కాబట్టి ఆ విషయంలో నాకంటే తెలిసినవాళ్ళు లేరనిపించింది. లేచి నిలబడి, ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయి, "ఏ కళ్ళతో చూశావయ్యా! వాడు వెనకే ఉన్నాడుగా!" అని అచ్చ తెలుగులో అరిచాను. చుట్టూ ఉన్న తలలన్నీ నావైపు తిరిగాయి. భాష అర్థం కాకపోయినా పక్షం అర్థమైంది. ఎవరో నా మణికట్టు పట్టి బెంచీ మీదికి గుంజారు.

"కూకో పిల్లా! నన్ను కూడా తన్నిస్తావేటి?" అంది కళ్ళద్దాల ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్ళకి మలయ్‌లో ఏదో చెప్పింది, ఎండ తగిలి పిచ్చి మాట్లాడుతోందని కాబోలు. వాళ్ళు జాలిగా ఇంకొన్ని వేరుసెనక్కాయలిచ్చారు.

"యీషున్ నుంచి వచ్చాను అక్కా. అంకుల్ పంపారు" అని రుమాలు మూట చేతిలో పెట్టాను.

ఆవిడ మొహం వెలిగింది. ఆ వెలుగు నేను మరిచిపోలేను. "అమ్మ కూడా వొచ్చిందా? ఈ మద్దిన నాన పక్క సీటు కాళీగా ఉంటంది. నానొక్కడే ఉంటన్నాడు. మోకాల్ల నెప్పులేమో అనుకున్నాను. నామీద కోపమొచ్చీసిందేమో అని కూడా అనుకున్నాను" అంటూ మూట విప్పింది.

ఈవిడకి తెలియదు! ఎవరూ చెప్పలేదు. చుట్టాలకి ఇచ్చిన తాఖీదు ఎత్తేయడం అంకుల్ మరిచిపోయారో, ఎత్తేయడానికి నోరు రాలేదో. ఆవిడ పగడాలు అరచేతిలో పోసుకుని చూసింది. "అమ్మ ఇది మెడలోంచి తియ్యదే" అంది. తర్వాత నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగింది. "ఎప్పుడు తీసింది?"

సరిగ్గా అప్పుడే ఎర్రవాళ్ళు మళ్ళీ గోల్ కొట్టారు. ఈసారి జెండా లేవలేదు. పసుపు జనమంతా తలలు పట్టుకున్నారు. ఆ మధ్యలో అక్క గొంతెత్తి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడని ఓదార్చారు. ఇంకా టైముంది లా, ఒక్క గోలేగా, సమం చేసేస్తాం అన్నారు. (ఈ దేశాల్లో ప్రతి మాట చివరా ఒక లా తగిలిస్తారు, మన అండీ లాగా.) వేరుసెనక్కాయల ముసలావిడ వచ్చి, ఆటకి ఇంతగా ఏడవకూడదు తల్లీ అని వీపు నిమిరింది. డప్పు బావగారు భార్య మొహం చూశారు, ఆవిడ చేతిలో పగడాలు చూశారు. కర్రలు కింద పెట్టేశారు. డప్పు ఆగితే ఓటమి ఒప్పుకున్నట్టని వాళ్ళ లెక్కట. జనం కొట్టమని అరిచారు. ఆయన కొట్టలేదు.

దూరంగా ఆ చివర కంచె వెనక ఎర్ర మచ్చల మధ్య ఒక తెల్ల రెయిన్‌కోటు లేచి నిలబడి ఉంది. ఆట అయ్యేదాకా కూర్చోలేదు.

ఓడిపోయిన ఊరు ఎలా ఉంటుందో ఆ సాయంత్రం చూశాను. బయట బస్సు మీద రాళ్ళు పడుతున్నాయి. బావగారు డప్పుని మా ముందు డాలులా పట్టుకుని నడిచారు, వెనక అక్కా నేనూ. బస్సు కర్టెన్లన్నీ మూసేసి, లోపల అందరూ నేల మీద పడుకుని ఉన్నారు, అది వాళ్ళ రూలు. నేను తలుపు బాదాను. డ్రైవర్ సందులోంచి చూసి, ముగ్గురు పసుపు మనుషులూ ఒక డప్పూ కనిపించేసరికి ఇంజన్ స్టార్ట్ చేశాడు. అప్పుడు నేను గుంటూరు అంటే ఏమిటో ఆ డ్రైవర్‌కి చూపించాను. అతని వంశాన్నీ, బస్సునీ, బస్సు టైర్లనీ, నన్ను వదిలేసి పోతే అతనికి పట్టబోయే గతినీ ఊపిరి తీయకుండా తిట్టాను. లోపల నేల మీద నుంచి అంకుల్ గొంతు వినిపించింది. "తియ్ లా, అది మన పిల్లే! ఆ నోరు ఇంకెవులకీ లేదు."

తలుపు తెరుచుకుంది. నేను పక్కకి తప్పుకున్నాను. అక్క ఎక్కింది.

రెయిన్‌కోట్లలో బోర్లా పడుకున్న మనుషుల మధ్య ఆవిడ నిలబడి వెతికింది. అంకుల్ తలెత్తి చూశారు. అన్నేళ్ళ తర్వాత దగ్గర నుంచి చూస్తున్న కూతురితో ఆయన అన్న మొదటి మాట, "వొంగమ్మా. రాల్లు పడతన్నాయి."

ఆవిడ వంగింది. ఆ టిష్యూ ప్యాకెట్ సీటుకి ఆనుకుని నేల మీద ఆయన పక్కన కూర్చుంది.

"ఎందుకు సెప్పలేదు నానా?"

"గ్రౌండులో కూడా ఆ సీటు కాళీగా ఎట్టీసేను కదమ్మా. ఎవర్నీ కూకోనివ్వలేదు. సూసి తెలుసుకుంటావనుకున్నాను." రెయిన్‌కోటు విప్పి ఆవిడ తల మీద కప్పుతూ, "తెలుసుకోకూడదని కూడా అనుకున్నాను" అన్నారు.

అంతవరకే విన్నాను. ఆ తర్వాతి మాటలు వాళ్ళవి. ఆంటీ సంవత్సరీకానికి అక్క యీషున్ వచ్చింది. బావగారు కింద బ్లాక్ దగ్గరే నిలబడితే, ఎదురెళ్ళి పైకి రమ్మని పిలిచింది అంకులే. కానీ ఆయన మాత్రం అక్క ఇంటి గడప తొక్కలేదు. ఒట్టు ఒట్టే అన్నారు. ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు, ఎప్పుడూ ఓడిపోయాను. ఇప్పుడాయన లేరు. అక్క ఇప్పటికీ ఫోన్ చేసి మాట్లాడుతుంది. నేను ఇక్కడే వన్-నార్త్ అనే పేటలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు గాజు గదుల్లో కూర్చుని, నా సగం వయసు పిల్లలతో రోజూ వాదించి గెలుస్తూ ఉంటాను. "ఆంటీ, యు ఆల్వేస్ మస్ట్ విన్, లా" అంటారు వాళ్ళు. వాళ్ళకేం తెలుసు!

ఆ సాయంత్రం మీసాల పోలీసాయనే బస్సు దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. రోడ్డు ఖాళీ చేశాం, బయల్దేరండి, వెంటనే, అని తలుపు మీద లాఠీతో కొట్టాడు. లోపల నేల మీద ఇద్దరి తలలు దగ్గరగా ఉన్నాయి. నేను మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. బస్సు కదలడానికి వీల్లేదు, నా బ్యాగు పోయింది అన్నాను. ఎక్కడ పోయిందన్నాడు. చెప్పాను. అక్కడికెందుకు వెళ్ళావన్నాడు. అదీ చెప్పాను. వాళ్ళ గేట్ల ఏర్పాటు బాగాలేదన్నాను, వాళ్ళ దేశం వీసా పద్ధతి మీద నా అభిప్రాయం చెప్పాను, ఆఫ్‌సైడ్ సంగతి కూడా ఎత్తాను. చివరికి నా దగ్గర మాటలయిపోయాయి. నా మాటలయిపోవడం! కళ్ళలో నీళ్ళొచ్చేసి, ఆయన్ని చూస్తూ ఊరికే నిలబడ్డాను. ఆయన నా భుజం మీదుగా బస్సు లోపలికి చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత నా భుజం వైపు చూశాడు. బ్యాగు అక్కడే వేలాడుతోంది, మొదట్నుంచీ అక్కడే ఉంది.

ఆయన లాఠీ చంకలో పెట్టుకుని, తీరిగ్గా అడిగాడు. "సరే మిస్, ఆ పోయిన బ్యాగులో ఏమేమున్నాయో ఒక్కొక్కటీ చెప్పు. తొందరేం లేదు."

దువ్వెన, అని మొదలుపెట్టింది ఆ పసుపు చుడీదారు పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.